వీఎంకి హ్యూజ్ పేజెస్, సీపీయూ పిన్నింగ్ పెట్టడం ఎలా: కేవీఎం, ఓపెన్‌స్టాక్ హోస్ట్ మీద

"వీఎంకి 16 వీసీపీయూలు, 64 జీబీ ర్యామ్ ఇచ్చాను, అయినా లోడ్ పెరగ్గానే డేటాబేస్ పాకుతోంది, హోస్ట్ లో చూస్తే సీపీయూ సగం ఖాళీగానే ఉంది, ఇంకేం ఇవ్వాలి?" ఇదే ప్రశ్న నన్ను మాటలు మార్చి మార్చి చాలామంది అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నా. చాలాసార్లు ఇంకేం ఇవ్వక్కర్లేదు, ఇచ్చినదాన్ని సరైన చోట పెట్టాలి అంతే. హ్యూజ్ పేజెస్ అంటే వీఎంకి మెమరీని పెద్ద ముక్కలుగా ఇవ్వడం, సీపీయూ పిన్నింగ్ అంటే వీఎం లోని ఒక్కో సీపీయూని (వీసీపీయూ) హోస్ట్ లో ఫలానా సీపీయూకే కట్టేయడం. హోస్ట్ అంటే వీఎంలు నడిచే అసలు మెషీన్, గెస్ట్ అంటే వీఎం లోపలి సిస్టమ్. కేవీఎం లైనక్స్ లో వీఎంలు నడిపే భాగం, క్యూఎము ఒక్కో వీఎంకీ నడిచే ప్రాసెస్, లిబ్‌వర్ట్ వాటిని నడిపించే టూల్ (దాని కమాండ్ వర్ష్), ఓపెన్‌స్టాక్ వీటి పైన క్లౌడ్ సాఫ్ట్‌వేర్, అందులో వీఎంల సంగతి చూసేది నోవా.

ముందే ఒక మాట. కమాండ్లు, సెట్టింగ్ పేర్లు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరాలు కావాల్సిన చోట నేనే చెప్తా.

థియరీ కొంచెమే

లైనక్స్ మామూలుగా మెమరీని 4 కేబీ ముక్కలుగా పంచుతుంది, వీటినే పేజీలు అంటారు. 64 జీబీ వీఎం అంటే 1,67,77,216 ముక్కలు. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి ప్రాసెసర్ లో టీఎల్‌బీ అని చిన్న పట్టిక ఉంటుంది, అందులో దొరక్కపోతే పేజ్ టేబుల్స్ వెతకాలి. మామూలు మెషీన్ లో నాలుగు మెట్లు దిగితే దొరుకుతుంది, అదే వీఎం అయితే గెస్ట్ టేబుల్ ఒకటి, హోస్ట్ టేబుల్ ఒకటి, రెండూ కలిసి మరీ అధ్వాన్నమైన పరిస్థితిలో 24 సార్లు మెమరీ దగ్గరికి వెళ్ళి రావాలి. పేజ్ సైజు 2 ఎంబీ చేస్తే ముక్కలు 32,768 అవుతాయి, 1 జీబీ చేస్తే 64. లక్ష రూపాయలు రూపాయి బిళ్ళల్లో లెక్కపెట్టడానికీ ఐదొందల నోట్లలో లెక్కపెట్టడానికీ ఉన్న తేడానే ఇది.

ఇది సగం. రెండో సగం ఏంటంటే రెండు సాకెట్ల సర్వర్ లో ర్యామ్ మొత్తం ఒకే కుప్ప కాదు, ఏ సాకెట్ కి ఆ సాకెట్ పక్కన కొంత ర్యామ్ ఉంటుంది, దాన్నే న్యూమా నోడ్ అంటాం. వీఎం సీపీయూలు నోడ్ 0 లో ఉండి మెమరీ నోడ్ 1 లో ఉంటే ప్రతి చదువుకీ ప్రతి రాతకీ ఏరు దాటి రావాల్సిందే. అందుకే హ్యూజ్ పేజెస్ ఒక్కటే పెట్టి పిన్నింగ్ వదిలేసినా, పిన్నింగ్ పెట్టి మెమరీ ఎక్కడుందో చూడకపోయినా పని సగమే అయినట్టు. పేజీలు, సీపీయూలు రెండూ ఒకే నోడ్ మీద కలవాలి, కింద రాసిన మెట్లన్నీ దాని కోసమే.

అసలు మీకు ఇది అవసరమా?

వీఎంలో టాప్ కొట్టి ఎస్‌టీ అని ఉన్న అంకె చూడండి. అది స్టీల్ టైమ్, అంటే మీ వీసీపీయూ పరిగెత్తడానికి రెడీగా ఉన్నా హోస్ట్ లో సీపీయూ దొరక్క ఆగిన టైమ్. లోడ్ ఉన్నప్పుడు అది అస్తమానం కనిపిస్తుంటే పిన్నింగ్ పనికొస్తుంది. డబ్ల్యూఏ అనే అంకె ఎక్కువుంటే మీ గొడవ డిస్క్ తో, ఇక్కడ చెప్పేవి ఏవీ దాన్ని తగ్గించవు. పెద్ద డేటాబేస్, పెద్ద జావా హీప్, టెలికం వాళ్ళ ప్యాకెట్ ప్రాసెసింగ్ లాంటి వాటికి తేడా బాగా తెలుస్తుంది. 2 వీసీపీయూల వెబ్ సర్వర్లు ఇరవై పెట్టుకున్న హోస్ట్ కి మాత్రం దయచేసి చెయ్యొద్దు, ఎందుకంటే ఇది పెట్టాక, ఉన్నదానికన్నా ఎక్కువ పంచే ర్యామ్ ఓవర్‌కమిట్ పోతుంది, ఆ మెమరీ స్వాప్ కి వెళ్ళదు, కేఎస్‌ఎం అనే, ఒకేలా ఉన్న పేజీల్ని కలిపి మెమరీ ఆదా చేసే పద్ధతి పనిచెయ్యదు, ఒక వీఎంకి ఇచ్చిన సీపీయూ ఖాళీగా కూర్చున్నా ఇంకో వీఎంకి వెళ్ళదు.

ఏడబ్ల్యూఎస్, అజూర్ లాంటి చోట వీఎం అద్దెకి తీసుకున్నవాళ్ళకి హోస్ట్ చేతిలో ఉండదు కాబట్టి 1 నుంచి 6 వరకు మెట్లు మీకు కాదు, సరాసరి 7కి వెళ్ళిపోండి.

కావాల్సినవి

హోస్ట్ మీద రూట్ యాక్సెస్. రీబూట్ కి ముందే తీసుకున్న పర్మిషన్, ఆ హోస్ట్ మీదున్న వీఎంలు వేరే చోటికి తరలించి ఉండాలి. న్యూమాసీటీఎల్, హెచ్‌డబ్ల్యూలాక్, సిస్‌స్టాట్ ప్యాకేజీలు. గ్రబ్ (లైనక్స్ ని బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్, నోవా కాన్ఫిగ్ ఫైల్ కాపీలు. ఇప్పుడు ఎంత స్లోగా ఉందో కొలిచిన అంకె, అది లేకపోతే చేశాక బాగుపడిందో లేదో ఎవరికీ తెలీదు, "కొంచెం ఫాస్ట్ అయినట్టుంది" అనే దగ్గర ఆగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం రిమోట్ కన్సోల్, ఐడ్రాక్ అయినా ఐఎల్‌ఓ అయినా మామూలు ఐపీఎంఐ అయినా. ఒకసారి 256 జీబీ హోస్ట్ మీద నేను 250 జీబీ హ్యూజ్ పేజెస్ కి రాసేసి రీబూట్ కొట్టాను, మిగిలిన కొంచెం మెమరీలో సర్వీసులు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి, లాగిన్ అవ్వడానికి కూడా చోటు లేదు, కన్సోల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలీదు, డేటా సెంటర్ లో మనిషి దొరికి మెషీన్ దగ్గరికి వెళ్ళేసరికి తెల్లారింది. అప్పట్నుంచి కన్సోల్ తెరిచి, బూట్ స్క్రీన్ కనిపిస్తోందని చూసుకున్నాకే గ్రబ్ ముట్టుకుంటాను. మీరూ అంతే చెయ్యండి.

1. హోస్ట్ లోపల ఏముందో చూడండి

ఎల్‌ఎస్‌సీపీయూ కొట్టండి. థ్రెడ్స్ పర్ కోర్ ఎంత, సాకెట్లు ఎన్ని, న్యూమా నోడ్లు ఎన్ని, ఏ నోడ్ లో ఏ సీపీయూ నంబర్లు ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. తర్వాత న్యూమాసీటీఎల్ --హార్డ్‌వేర్ కొడితే ఏ నోడ్ లో ఎంత మెమరీ ఉందో, నోడ్ల మధ్య దూరం ఎంతో వస్తుంది. సొంత నోడ్ దూరం 10 అని ఉంటుంది, పక్క నోడ్ కి 20 లేదా 21 లాంటివి కనిపిస్తాయి.

ఉదాహరణకి నేను ఈ హోస్ట్ అనుకుంటున్నా: 2 సాకెట్లు, ఒక్కోదానికి 16 కోర్లు, హైపర్‌థ్రెడింగ్ ఆన్, మొత్తం 64 సీపీయూలు, 256 జీబీ. నోడ్ 0 లో 0-15, 32-47. నోడ్ 1 లో 16-31, 48-63.

ఇక్కడ తప్పకుండా చూడాల్సింది కవలలు. సీపీయూ 0, సీపీయూ 32 రెండూ ఒకే కోర్ లో రెండు థ్రెడ్లు, బయటికి రెండు సీపీయూల్లా కనిపిస్తాయి కానీ ఇంజిన్ ఒక్కటే. /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/టోపాలజీ/థ్రెడ్_సిబ్లింగ్స్_లిస్ట్ అనే ఫైల్ క్యాట్ చేస్తే 0,32 అని చెప్తుంది. కొన్ని మెషీన్లలో 0,1 కవలలు అవుతాయి. పక్క ర్యాక్ లో అలా ఉందని ఇక్కడా అలాగే ఉంటుందనుకోవద్దు, ప్రతి మోడల్ కీ చూసుకోవాల్సిందే.

రెండు సాకెట్లు ఉండి కూడా ఒకటే నోడ్ కనిపిస్తే బయోస్ లో నోడ్ ఇంటర్‌లీవింగ్ ఆన్ లో ఉండొచ్చు, ఆఫ్ చెయ్యండి. ఏఎండీ ఎపిక్ వాళ్ళు బయోస్ లో ఎన్‌పీఎస్ అనే సెట్టింగ్ చూడండి, అది 4 అయితే ఒక్కో సాకెట్ నాలుగు నోడ్లుగా విడిపోతుంది, అప్పుడు మీ పెద్ద వీఎం ఒక నోడ్ లో పట్టకపోవచ్చు.

2. లెక్క కాగితం మీదే తేల్చండి

దీన్ని తొందరపడి దాటేసినవాళ్ళే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు.

మెమరీ: నోడ్ కి 128 జీబీ. హోస్ట్ కోసం ఒక్కో నోడ్ లో 16 జీబీ వదిలేద్దాం. మిగిలింది 112, అంటే రెండు నోడ్లకీ కలిపి 224 పేజీలు, 1 జీబీవి. 16 ఎక్కువ కదా అని అడుగుతారు. హోస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్, నోవా ఏజెంట్లు, ప్రతి వీఎంకీ క్యూఎము ప్రాసెస్ సొంతంగా వాడుకునే మెమరీ, డిస్క్ క్యాష్, ఇవన్నీ మామూలు పేజీల్లోంచే రావాలి, హ్యూజ్ పేజెస్ కి కేటాయించినదాంట్లోంచి ఒక్క కేబీ కూడా వాళ్ళకి దొరకదు. అదే హోస్ట్ మీద సెఫ్ స్టోరేజ్ లో డిస్క్ కి ఒకటి చొప్పున ఉండే ఓఎస్‌డీలు కూడా నడుస్తుంటే ఒక్కో ఓఎస్‌డీకి డీఫాల్ట్ టార్గెట్ 4 జీబీ, పది డిస్కులుంటే 40 జీబీ అక్కడికే పోయింది, 16 ఏమాత్రం చాలదు.

సీపీయూలు: ప్రతి నోడ్ లో మొదటి రెండు కోర్లు, వాటి కవలలతో సహా, పక్కన పెడదాం. 0, 32, 16, 48 పూర్తిగా హోస్ట్ కి. 1, 33, 17, 49 ఏమో క్యూఎము ఇతర థ్రెడ్ల లాంటి షేర్డ్ పనికి. మిగిలిన 2-15, 34-47, 18-31, 50-63 వీఎంలకి, నోడ్ కి 28 చొప్పున 56. కోర్ ని హోస్ట్ కి ఇచ్చి దాని కవలని వీఎంకి ఇవ్వడం పెద్ద తప్పు, లెక్కలో పిన్ అయినట్టే ఉంటుంది, నిజానికి హోస్ట్ పని వచ్చినప్పుడల్లా వీఎం నడక తడబడుతుంది.

1 జీబీ పేజీలా 2 ఎంబీవా అంటే, వీఎంలు పెద్దవి, కొన్నే అయితే 1 జీబీ. రకరకాల సైజులు, తరచూ మారుతుంటే 2 ఎంబీ పెట్టుకోండి, లాభంలో చాలా భాగం అక్కడే వచ్చేస్తుంది, వాడటం సులువు. 1 జీబీకి మీ ప్రాసెసర్ ఒప్పుకుంటుందో లేదో చూడాలంటే ఎల్‌ఎస్‌సీపీయూ ఫ్లాగ్స్ లో పీడీపీఈ1జీబీ అనే మాట ఉండాలి.

3. గ్రబ్ లో పెట్టి రీబూట్ చెయ్యండి

/ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్ తెరవండి. గ్రబ్_సీఎండీలైన్_లైనక్స్ అనే లైన్ ఉంటుంది, అది పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కోట్స్ లోపల చివర్లో ఇవి కలపండి, ఇదే వరుసలో:

డీఫాల్ట్_హ్యూజ్‌పేజ్‌ఎస్‌జెడ్=1జీ హ్యూజ్‌పేజ్‌ఎస్‌జెడ్=1జీ హ్యూజ్‌పేజెస్=224

ఎస్‌జెడ్ అన్నచోట ఆ రెండక్షరాలే కొట్టాలి, సైజ్ అని పూర్తిగా రాస్తే కెర్నల్ కి అర్థం కాదు, ఎర్రర్ కూడా గట్టిగా చెప్పదు, రీబూట్ అయ్యాక మీరు అడిగిన సైజు పేజీలు ఉండవు అంతే. వరుస కూడా మార్చొద్దు, సైజు ముందు, కౌంట్ తర్వాత.

ఉబుంటు, డెబియన్ అయితే అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. రాకీ, ఆల్మా, రెడ్ హ్యాట్ వాళ్ళు ఫైల్ లో మార్చడం కంటే గ్రబ్బీ కమాండ్ తో అన్ని కెర్నల్స్ కీ ఆర్గ్యుమెంట్లు కలపడం మంచిది, లేదంటే కొన్ని వెర్షన్లలో ఫైల్ మారుతుంది గాని బూట్ అయ్యే ఎంట్రీ మారదు. ఇప్పుడు కన్సోల్ తెరిచి పెట్టుకుని రీబూట్.

బూట్ అవ్వకపోతే కంగారు పడకండి. గ్రబ్ మెనూలో కీబోర్డ్ మీద ఇంగ్లీషు 'ఈ' కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ లో మీరు కలిపిన ముక్క తీసేసి కంట్రోల్ ఎక్స్ నొక్కండి, ఆ ఒక్కసారికి పాతలాగే లేస్తుంది. తర్వాత ఫైల్ సరిచేసుకోవచ్చు.

రీబూట్ కుదరని వాళ్ళకి వేరే దారి: 2 ఎంబీ పేజీలు నడుస్తుండగానే కేటాయించొచ్చు. /సిస్/డివైసెస్/సిస్టమ్/నోడ్/నోడ్0/హ్యూజ్‌పేజెస్/ కింద హ్యూజ్‌పేజెస్-2048కేబీ ఫోల్డర్ లో (చివరి బీ పెద్దక్షరం) ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్ ఫైల్ లోకి ఎకో తో అంకె రాయండి, నోడ్1 కి విడిగా. రాశాక అదే ఫైల్ క్యాట్ చెయ్యండి, అడిగింది 20,000 అయితే వచ్చింది 13,000 ఉండొచ్చు, ఎందుకంటే నెలల తరబడి నడిచిన మెషీన్ లో మెమరీ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. 1 జీబీ పేజీలకి ఈ దారిని నమ్ముకోవద్దు, బూట్ లోనే అడగండి.

చెక్: ముందు /ప్రాక్/సీఎండీలైన్ క్యాట్ చేసి మీరు రాసింది కెర్నల్ కి చేరిందో లేదో చూడండి. తర్వాత /ప్రాక్/మెమ్‌ఇన్ఫో లో హ్యూజ్‌పేజెస్_టోటల్ 224, హ్యూజ్‌పేజెస్_ఫ్రీ 224 ఉండాలి. అక్కడ ఆగొద్దు. ఒక్కో నోడ్ కింద అదే ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్ ఫైల్ చూసి 112, 112 గా పంచిందో లేదో చూడండి. కెర్నల్ మామూలుగా సమానంగానే పంచుతుంది, కానీ ఒక నోడ్ లో డిమ్ (ర్యామ్ స్టిక్) తక్కువుంటే తేడా వస్తుంది. ఇంకోటి, మెమ్‌ఇన్ఫో డీఫాల్ట్ సైజు పేజీల లెక్క మాత్రమే చూపిస్తుంది, మీరు 1 జీబీ, 2 ఎంబీ రెండూ పెట్టుకుంటే రెండోదాని లెక్క సిస్ ఫోల్డర్ లోనే చూడాలి.

ఐసోల్‌సీపీయూస్ అనే కెర్నల్ ఆప్షన్ కూడా పెట్టాలా అని ప్రతిసారీ అడుగుతారు. చాలామందికి వద్దు. అది పెడితే ఆ సీపీయూల మీద కెర్నల్ లోడ్ బ్యాలెన్సింగ్ ఆపేస్తుంది, పిన్ చెయ్యని వీఎం ఏదైనా పొరపాటున అక్కడికి వచ్చిందంటే దాని వీసీపీయూలన్నీ ఒకే సీపీయూ మీద కూర్చుంటాయి, మిగతావి ఖాళీగా చూస్తుంటాయి. మైక్రోసెకన్లు లెక్కపెట్టే ప్యాకెట్ పని ఉన్నవాళ్ళు, హోస్ట్ మొత్తం పిన్ చేసిన వీఎంలకే ఇచ్చినవాళ్ళు పెట్టుకోండి, అప్పుడు కూడా డెడికేటెడ్ (వీఎంలకే ఇచ్చిన) సీపీయూలు మాత్రమే అందులో ఉండాలి, షేర్డ్ వి వద్దు. మిగతావాళ్ళకి సిస్టమ్‌డీ కాన్ఫిగ్ లో సీపీయూ అఫినిటీ 0, 16, 32, 48 కి పెట్టి హోస్ట్ సర్వీసుల్ని అక్కడికి సర్దడం సరిపోతుంది.

4. నోవాకి చెప్పండి

ఓపెన్‌స్టాక్ లేకుండా ఉత్త లిబ్‌వర్ట్ వాడేవాళ్ళు దీన్ని వదిలేసి 5లో రెండో భాగం చూడండి.

కంప్యూట్ హోస్ట్ మీద నోవా కాన్ఫిగ్ ఫైల్ లో కంప్యూట్ సెక్షన్ కింద:

సీపీయూ_డెడికేటెడ్_సెట్=2-15,34-47,18-31,50-63
సీపీయూ_షేర్డ్_సెట్=1,17,33,49

ఈ రెండిటినీ కలిపి ఇలా వాడటం 2019లో వచ్చిన ట్రెయిన్ రిలీజ్ నుంచి ఉంది. అంతకుముందు వీసీపీయూ_పిన్_సెట్ ఉండేది, నెట్ లో దొరికే పాత గైడ్లు అదే చెప్తాయి. పాతది అలాగే ఉంచి కొత్తది కలిపితే నోవా కంప్యూట్ అసలు స్టార్టే అవ్వదు, పాత లైన్ తీసెయ్యండి.

హోస్ట్ కి వదిలిన 32 జీబీ కూడా నోవాకి తెలియాలి కాబట్టి రిజర్వ్‌డ్_హోస్ట్_మెమరీ_ఎంబీ 32768 పెట్టండి. డీఫాల్ట్ 512 ఎంబీయే, ఈ హోస్ట్ కి అది ఏ మూలకీ రాదు. ర్యామ్ అలొకేషన్ రేషియో 1.0 చెయ్యండి. ఓవీఎస్-డీపీడీకే లాంటి సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ స్విచ్ హోస్ట్ మీదే హ్యూజ్ పేజెస్ తింటుంటే రిజర్వ్‌డ్_హ్యూజ్_పేజెస్ లో నోడ్ వారీగా ఆ లెక్క రాయాలి, లేకపోతే నోవా ఆ పేజీలు కూడా ఖాళీ అనుకుని వీఎం పంపుతుంది, అది స్టార్ట్ అవ్వదు.

షెడ్యూలర్ ఉన్న కంట్రోలర్ మీద న్యూమా టోపాలజీ ఫిల్టర్ ఎనేబుల్ అయిందో లేదో చూడండి. ఇది లేకపోతే షెడ్యూలర్ నోడ్ల సంగతి పట్టించుకోకుండా పంపేస్తుంది. సర్వీసులు రీస్టార్ట్ చెయ్యండి.

ఈ హోస్ట్ లని వేరే అగ్రిగేట్ (హోస్ట్ ల గుంపు) లో పెట్టి మీ కొత్త ఫ్లేవర్లని (వీఎం సైజు, సెట్టింగుల అచ్చు) దానికే కట్టేయండి. ఒకే హోస్ట్ లో హ్యూజ్ పేజెస్ వీఎంలు, మామూలు వీఎంలు కలిపితే మామూలువి హోస్ట్ కి వదిలిన ఆ 32 జీబీ మీద పడతాయి, కొన్నాళ్ళకి ఓఓఎం (మెమరీ అయిపోతే ప్రాసెస్ లని చంపే కెర్నల్ భాగం) వచ్చి ఎవర్నో ఒకర్ని చంపుతుంది. షేర్డ్ సెట్ పెట్టారు కాబట్టి మామూలు ఫ్లేవర్లు కూడా ఈ హోస్ట్ కి రాగలవు, ఆపేది అగ్రిగేటే.

5. ఫ్లేవర్ తయారు చెయ్యండి

16 వీసీపీయూలు, 65536 ఎంబీ ర్యామ్ తో కొత్త ఫ్లేవర్ చేసి ఈ ప్రాపర్టీలు పెట్టండి:

హెచ్‌డబ్ల్యూ:సీపీయూ_పాలసీ=డెడికేటెడ్
హెచ్‌డబ్ల్యూ:మెమ్_పేజ్_సైజ్=1048576
హెచ్‌డబ్ల్యూ:ఎమ్యులేటర్_థ్రెడ్స్_పాలసీ=షేర్

పేజ్ సైజ్ అంకె కేబీల్లో ఉంటుంది, 1 జీబీకి 1048576, 2 ఎంబీకి 2048. లార్జ్ అని కూడా రాయొచ్చు గాని ఏ సైజు వస్తుందో మీ చేతిలో ఉండదు, నేనైతే అంకే పెడతా. మూడోది క్యూఎము సొంత థ్రెడ్లని మీ వీసీపీయూల మీద కాకుండా షేర్డ్ సెట్ మీద పెడుతుంది.

ర్యామ్ పేజ్ సైజుకి సరిగ్గా భాగించబడాలి. 1 జీబీ పేజీలతో 65000 ఎంబీ ఫ్లేవర్ పెడితే వీఎం పుట్టదు.

హెచ్‌డబ్ల్యూ:న్యూమా_నోడ్స్ ఏమీ పెట్టకపోతే పై ప్రాపర్టీల వల్ల వీఎం మొత్తం ఒకే నోడ్ లో పట్టాలని నోవా అనుకుంటుంది. మనకి కావాల్సిందీ అదే. మన హోస్ట్ లో నోడ్ కి 28 సీపీయూలు, 112 జీబీ, అంతకు మించిన వీఎం కావాలంటే న్యూమా_నోడ్స్=2 పెట్టండి, గెస్ట్ కి కూడా రెండు నోడ్లు కనిపిస్తాయి, లోపల అప్లికేషన్ దాన్ని అర్థం చేసుకునేదై ఉండాలి. "ఎందుకైనా మంచిది" అని చిన్న వీఎంకి 2 పెట్టడం వద్దు, చేతులారా మెమరీని రెండు ఒడ్డులకీ పంచినట్టు.

డెడికేటెడ్ పెట్టి పేజ్ సైజ్ వదిలేసేవాళ్ళు చాలామంది. పేజ్ సైజ్ చెప్పకపోతే నోవా ఒక్కో నోడ్ లో ఎంత మెమరీ మిగిలిందో లెక్క పెట్టదు, హోస్ట్ మొత్తం మీద ఖాళీ ఉందిలే అని ఒకే నోడ్ మీదకి వీఎంలు తోస్తుంది, పక్క నోడ్ లో ముప్పై జీబీ ఖాళీ ఉండగానే ఈ నోడ్ లో ఓఓఎం వస్తుంది. హ్యూజ్ పేజెస్ వద్దనుకున్నా సరే మెమ్_పేజ్_సైజ్=స్మాల్ అని రాయండి, లెక్క మొదలవుతుంది.

ఫ్లేవర్ మార్చినంత మాత్రాన పాత వీఎంలు మారవు. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ వస్తూనే ఉంటుంది. వీఎం పుట్టినప్పటి ఫ్లేవర్ కాపీతోనే బతుకుతుంది, రీబూట్ కాదు, కొత్త ఫ్లేవర్ కి రీసైజ్ చెయ్యాలి.

ఉత్త లిబ్‌వర్ట్ వాళ్ళు: వర్ష్ ఎడిట్ తో వీఎం ఎక్స్‌ఎంఎల్ తెరిచి నాలుగు చోట్ల పని. మెమరీ బ్యాకింగ్ లో హ్యూజ్‌పేజెస్, సైజు 1048576. సీపీయూట్యూన్ లో ఒక్కో వీసీపీయూకి ఒక్కో సీపీయూ: 0కి 2, 1కి 34, 2కి 3, 3కి 35, ఇలా కవల జంటలుగా 16 వీసీపీయూలూ అయ్యేవరకు, ఎమ్యులేటర్ పిన్ 1,33. న్యూమాట్యూన్ లో మోడ్ స్ట్రిక్ట్, నోడ్‌సెట్ 0. సీపీయూ టోపాలజీలో 1 సాకెట్, 8 కోర్లు, 2 థ్రెడ్లు, అప్పుడు గెస్ట్ కెర్నల్ కి కూడా ఎవరు ఎవరి కవలో తెలుస్తుంది. సేవ్ చేశాక వీఎంని వర్ష్ షట్‌డౌన్ తో పూర్తిగా ఆపి వర్ష్ స్టార్ట్ తో లేపండి. లోపల్నుంచి రీబూట్ కొడితే పాత క్యూఎము ప్రాసెసే నడుస్తుంటుంది, మీ ఎక్స్‌ఎంఎల్ దాకా ఎవరూ రారు. రెండు వీఎంలకి ఒకే సీపీయూ ఇస్తే లిబ్‌వర్ట్ ఆపదు, ఆ లెక్క మీదే.

6. నిజంగా జరిగిందో లేదో చూడండి

ఇక్కడ తొందర వద్దు. సెట్టింగ్ రాయడం వేరు, అది అమల్లో ఉండటం వేరు.

హోస్ట్ మీద వర్ష్ వీసీపీయూపిన్, పక్కన వీఎం పేరు. ప్రతి వీసీపీయూ ఎదురుగా ఒకే ఒక్క అంకె ఉండాలి. 0-63 అని కనిపిస్తే పిన్ అవ్వలేదు. అంకెలన్నీ మీరు కాగితం మీద రాసుకున్న ఒకే నోడ్ లోవేనా చూడండి. వర్ష్ ఎమ్యులేటర్‌పిన్ కూడా చూడండి, అది ఉత్త లిబ్‌వర్ట్ లో 1,33 చూపించాలి, నోవాలో షేర్డ్ సెట్ అంకెలు.

మెమ్‌ఇన్ఫో లో హ్యూజ్‌పేజెస్_ఫ్రీ వీఎం లేచాక 64 తగ్గి 160 అవ్వాలి. తగ్గకపోతే వీఎం మామూలు పేజీల మీద లేచింది.

తర్వాత క్యూఎము ప్రాసెస్ ఐడీ పట్టుకుని న్యూమాస్టాట్ -పీ కొట్టండి. హ్యూజ్ అనే వరుసలో ఒక నోడ్ కింద 65536, రెండో నోడ్ కింద 0 రావాలి. పేజీలు, సీపీయూలు ఒకే చోట కలిశాయా అన్నదానికి సాక్ష్యం ఈ వరుసే, ఒక్కటే చెక్ చేసే ఓపిక ఉంటే ఇది చెయ్యండి. హీప్, ప్రైవేట్ వరుసల్లో కొంచెం అటు ఇటు ఉన్నా ఫర్వాలేదు.

చివరగా వీఎంలో లోడ్ పెట్టి హోస్ట్ మీద ఎంపీస్టాట్ -పీ ఆల్ 2 నడపండి, ఇక్కడ పీ, ఆల్ రెండూ పెద్దక్షరాలు. మీరు ఇచ్చిన 16 సీపీయూలే వేడెక్కాలి. అదే టైమ్ లో గెస్ట్ లో ఎస్‌టీ దాదాపు సున్నా ఉండాలి. మొదట్లో రాసి పెట్టుకున్న అంకె ఉంది కదా, అదే టెస్ట్ మళ్ళీ నడిపి పక్కన రాయండి.

7. వీఎం లోపల కూడా

హోస్ట్ లో 1 జీబీ పేజీలు ఇచ్చినా గెస్ట్ కెర్నల్ తన లోపల 4 కేబీ ముక్కలే పంచుతుంటుంది, రెండు పట్టికల్లో ఒక్కటే చిన్నదైంది. పెద్ద మెమరీ తినే అప్లికేషన్ కి లోపల కూడా హ్యూజ్ పేజెస్ ఇవ్వండి. పబ్లిక్ క్లౌడ్ వాళ్ళు చెయ్యగలిగేది కూడా ప్రధానంగా ఇదే. ఏడబ్ల్యూఎస్ లో అయితే ఇన్‌స్టెన్స్ లాంచ్ చేసేటప్పుడు చాలా రకాలకి థ్రెడ్స్ పర్ కోర్ 1 అని పెట్టుకునే వీలు కూడా ఉంది.

పోస్ట్‌గ్రెస్ ఉదాహరణ. 15వ వెర్షన్ నుంచి సర్వర్ ఆపి పోస్ట్‌గ్రెస్ -సీ తో (సీ పెద్దక్షరం) షేర్డ్_మెమరీ_సైజ్_ఇన్_హ్యూజ్_పేజెస్ అడిగితే ఎన్ని పేజీలు కావాలో అదే చెప్తుంది. షేర్డ్ బఫర్స్ 16 జీబీ అయితే 2 ఎంబీవి 8,192 పైన ఇంకొన్ని వస్తాయి. ఆ అంకె గెస్ట్ సిస్‌సీటీఎల్ లో వీఎం.ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్ కి ఇవ్వండి. హ్యూజ్_పేజెస్ సెట్టింగ్ డీఫాల్ట్ గా ట్రై లో ఉంటుంది, అంటే దొరక్కపోతే చప్పుడు చెయ్యకుండా మామూలు పేజీలతో లేచిపోతుంది. ఆన్ పెట్టండి, దొరక్కపోతే స్టార్ట్ అవ్వకుండా ఆగుతుంది, ఆ రోజే మీకు తెలుస్తుంది.

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ దీంతో కలిపేసుకోకండి, అది కెర్నల్ తనంతట తాను పేజీలు కలిపే వేరే పద్ధతి. రెడిస్, ఒరాకిల్ వాళ్ళు దాన్ని ఆపమనే చెప్తారు, గెస్ట్ లో మీ అప్లికేషన్ డాక్యుమెంటేషన్ చూసి తేల్చుకోండి.

ఎక్కువగా వచ్చే ఎర్రర్లు

నో వ్యాలిడ్ హోస్ట్ అని వస్తోంది, హోస్ట్ లో 20 సీపీయూలు ఖాళీ ఉన్నాయి, 16 అడిగితే ఇవ్వట్లేదు. నోడ్ 0 లో 10, నోడ్ 1 లో 10 మిగిలి ఉంటాయి, ఒకే నోడ్ లో 16 లేవు. పేజీలదీ అదే సంగతి. దీనికి మంత్రం లేదు, ఫ్లేవర్ సైజుల్ని నోడ్ లో సరిగ్గా సర్దుకునేలా పెట్టుకోవాలి: 28 ఉన్న నోడ్ లో 16 ఒకటి పెడితే 12 మిగులుతాయి, అక్కడ ఇంకో 16 పట్టదు, అదే 14 వి రెండు పడతాయి.

వీఎం స్టార్ట్ లో క్యూఎము కెనాట్ అలొకేట్ మెమరీ అని అంటే ఆ నోడ్ లో ఆ సైజు పేజీలు అయిపోయాయి. వర్ష్ ఫ్రీపేజెస్ --ఆల్ కొడితే నోడ్ వారీగా, సైజు వారీగా ఎన్ని మిగిలాయో వస్తుంది.

అన్నీ కరెక్ట్ గానే ఉన్నాయి, నెట్‌వర్క్ మాత్రమే ఆశించినంత రావట్లేదు అంటే కార్డు ఏ నోడ్ కి తగిలించి ఉందో చూడండి, /సిస్/క్లాస్/నెట్/ కింద ఆ ఇంటర్‌ఫేస్ డివైస్ ఫోల్డర్ లో న్యూమా_నోడ్ అనే ఫైల్ చెప్తుంది. ఎస్‌ఆర్‌-ఐఓవీ (కార్డులో ఒక భాగాన్ని నేరుగా వీఎంకి ఇచ్చే పద్ధతి) వాడేవాళ్ళు వీఎంని కార్డు ఉన్న నోడ్ లోనే పెట్టాలి.

లైవ్ మైగ్రేషన్ చెయ్యబోతే: పిన్ చేసిన వీఎంలకి సీపీయూ, నోడ్ లెక్క మళ్ళీ వేసి తరలించడం నోవాలో ట్రెయిన్ నుంచే ఉంది, అంతకన్నా పాత క్లౌడ్ లో ఉంటే చెయ్యొద్దు, ఆపి తరలించండి. కొత్తదాంట్లో కూడా అవతలి హోస్ట్ లో ఒకే నోడ్ లో అన్ని పేజీలు, అన్ని సీపీయూలు ఖాళీగా ఉండాలి.

మదర్‌బోర్డ్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా, డిమ్ తీసి పెట్టినా 1వ మెట్టు, 3వ మెట్టులో చెక్ లు మళ్ళీ చేసి గాని హోస్ట్ ని పూల్ లోకి వదలకండి. ఇంటర్‌లీవింగ్, ఎన్‌పీఎస్ సెట్టింగులు అప్పుడప్పుడు డీఫాల్ట్ కి వెళ్ళిపోతాయి, సీపీయూ నంబర్ల వరుస మారిపోతే నోవా ఫైల్ లో మీరు రాసిన అంకెలు అవే ఉంటాయి గాని అవి చూపించే కోర్లు వేరేవి అయిపోతాయి.